ప్యాసివ్ వాయిస్‌కు పన్నెండు వరుసల పట్టిక అక్కరలేదు

ప్రశ్న: నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక పల్లెలో ఉంటాను. సర్కారు బడిలో తెలుగు మాధ్యమంలో చదివి, తరువాత నల్లగొండలో డిగ్రీ పూర్తి చేశాను. ఉపాధ్యాయ ఉద్యోగ పరీక్షకు సిద్ధమవుతూ, సాయంత్రాలు మా వాడకట్టు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్‌లోకి మార్చే పట్టికను ఎన్నిసార్లు కంఠస్థం చేసినా, 'ఈజ్ బీయింగ్' రాయవలసిన చోట 'హ్యాజ్ బీన్' రాసేస్తున్నాను. పట్టికలో కొన్ని కాలాల ఎదుట గీత మాత్రమే ఎందుకు ఉంటుందని పిల్లలు అడిగితే చెప్పలేకపోతున్నాను. సొంతంగా వాక్యం రాయవలసి వచ్చినప్పుడు ప్యాసివ్ ఎక్కడ వాడాలో అసలే తోచడం లేదు. దీనికి సులువైన దారి ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: మీరు కంఠస్థం చేసిన పట్టికలో తప్పేమీ లేదు. అయితే నిజానికి ఒక్కటే అయిన విషయాన్ని అది వరుసకొకటిగా విడదీసి, అన్నింటినీ వేర్వేరు సూత్రాలుగా చూపిస్తుంది. అందుకే ఒత్తిడిలో ఒక వరుస మరొక వరుసలోకి జారిపోతుంది. ప్యాసివ్ వాయిస్‌లో ఉన్నవి రెండే ముక్కలు. ఒకటి 'బి' అనే క్రియ, రెండోది అసలు పనిని చెప్పే క్రియకు బళ్లలో వీ-త్రీ అని పిలిచే మూడో రూపం. ఈ రెండింటిలో వీ-త్రీ ఏ కాలంలోనూ కదలదు. కాలం మారిన ప్రతిసారీ మారేది 'బి' ఒక్కటే. కాబట్టి 'బి' అన్ని కాలాల్లో ఎలా ఉంటుందో తెలిసినవారికి ప్యాసివ్ సగానికి పైగా తెలిసినట్లే.

దీన్ని పిల్లలకు చూపించడానికి ఒక చిన్న ఉపాయం చెబుతాను. 'ద కెనాల్ ఈజ్ క్లీన్' అంటే కాల్వ శుభ్రంగా ఉంది అని అర్థం. ఈ వాక్యాన్ని 'వాజ్ క్లీన్', 'విల్ బి క్లీన్', 'హ్యాజ్ బీన్ క్లీన్', 'హ్యాడ్ బీన్ క్లీన్' అని వారు తడబడకుండా మార్చగలరు, ఎందుకంటే ఇందులో వాయిస్ ఊసే లేదు. ఇప్పుడు 'క్లీన్' ఉన్న చోట 'క్లీన్డ్' పెట్టమనండి. 'ద కెనాల్ ఈజ్ క్లీన్డ్', 'వాజ్ క్లీన్డ్', 'విల్ బి క్లీన్డ్', 'హ్యాజ్ బీన్ క్లీన్డ్', 'హ్యాడ్ బీన్ క్లీన్డ్' అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. ఈ ఉపాయానికి అందకుండా మిగిలేది, పని ఇంకా జరుగుతున్నదని చెప్పే 'బీయింగ్' ఒక్కటే. మీ తడబాటు కూడా సరిగ్గా అక్కడే ఉన్నది కనుక దాన్ని విడిగా చూద్దాం.

'బీయింగ్', 'బీన్' రెండూ 'బి' రూపాలే. ఒకటి దాని ఐ-ఎన్-జీ రూపం, మరొకటి దాని మూడో రూపం. ఐ-ఎన్-జీ రూపం ఎప్పుడైనా 'ఈజ్', 'ఆర్', 'వాజ్', 'వర్' వంటి వాటి వెనుకనే వస్తుంది. మూడో రూపం 'హ్యాజ్', 'హ్యావ్', 'హ్యాడ్' వెనుక వస్తుంది. యాక్టివ్ వాయిస్‌లో 'ఈజ్ డిగ్గింగ్' అంటామే తప్ప 'హ్యాజ్ డిగ్గింగ్' అని ఎవరమూ అనము కదా, అదే నియమం ఇక్కడ 'బి'కి వర్తిస్తుంది. కాబట్టి 'ఈజ్ బీన్' అనేదీ 'హ్యాజ్ బీయింగ్' అనేదీ మీ కలం నుంచి రాకూడదు. ఇక అర్థం విషయానికి వస్తే, కంకర కుప్పలు పోసి ఉండి, రోలర్ తిరుగుతూ, బస్సు చుట్టూ తిరిగి పోవలసి వస్తున్నంత కాలం 'ద రోడ్ ఈజ్ బీయింగ్ లెయిడ్' అనాలి. రోలర్ వెళ్లిపోయి బస్సు ఆ రోడ్డు మీదనే నడుస్తున్న నాడు 'ద రోడ్ హ్యాజ్ బీన్ లెయిడ్' అనాలి. రాసే ముందు పని సాగుతున్నదా, అయిపోయిందా అని మిమ్మల్ని మీరు అడిగితే పట్టికలోని వరుస గుర్తు తెచ్చుకోవలసిన అవసరమే రాదు.

మీ మూడో సందేహం, అంటే ప్యాసివ్ ఎక్కడ వాడాలన్నది, నా దృష్టిలో మొదటి రెండింటికంటే ముఖ్యమైనది. బళ్లలో ప్యాసివ్‌ను ఎప్పుడూ ఒక యాక్టివ్ వాక్యం ఇచ్చి మార్చమంటూ నేర్పుతారు. అందువల్ల యాక్టివ్ వాక్యం ముందు లేకుండా ప్యాసివ్ పుట్టదన్న భ్రమ కలుగుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు ఏ వాక్యాన్నీ మార్చరు, నేరుగా ప్యాసివ్‌లోనే మాట్లాడతారు. మనకూ అలాంటి నేరు దారి ఒకటి ఉంది, అది మనం రోజూ మాట్లాడే తెలుగులోనే ఉంది. 'మా ఊర్లో బోరు వేశారు', 'మోరీలు తవ్వుతున్నారు', 'వచ్చే నెల పింఛను ఇస్తారు' అంటాము. ఎవరు వేశారో, ఎవరు తవ్వుతున్నారో చెప్పము, వినేవారూ అడగరు. కర్తను వదిలేసి క్రియను బహువచనంలో ముగించే ఈ వాక్యం తెలుగులో కర్తరి ప్రయోగమే (అంటే యాక్టివే) అయినా, ఇంగ్లిష్‌లో దాని స్థానం చాలావరకు ప్యాసివ్‌దే. పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'వేయబడినది', 'తవ్వబడుచున్నది' వంటి రూపాలను మధ్యలోకి తేవద్దు. మనసులో ఎవరూ అలా అనుకోరు కనుక అవి మెట్టు కాకుండా అడ్డమవుతాయి. కర్త లేని తెలుగు వాక్యం మీ నోటికి వచ్చిందంటే, దాని ఇంగ్లిష్ వాక్యం ఆ వస్తువుతో మొదలై ప్యాసివ్‌లో నడుస్తుందని అనుకోవచ్చు.

ఆ తెలుగు క్రియ చివరి అక్షరాలే 'బి' ఏ కాలంలో ఉండాలో చాలావరకు చెబుతాయి. ఇక్కడ మాత్రం కొంత జాగ్రత్త కావాలి, ఎందుకంటే తెలుగులో ఒకే రూపం ఇంగ్లిష్‌లో రెండుగా చీలుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వనే తీసుకుందాం. 'ఏటా ఎండకాలంలో కాల్వను శుభ్రం చేస్తారు' అంటే అలవాటు, కాబట్టి 'ద కెనాల్ ఈజ్ క్లీన్డ్ ఎవ్రీ సమ్మర్'. 'వచ్చే నెల శుభ్రం చేస్తారు' అంటే జరగబోయేది, కాబట్టి 'విల్ బి క్లీన్డ్ నెక్స్ట్ మంత్'. తెలుగులో రెండు చోట్లా 'చేస్తారు' అనే ఉన్నది, తేడా 'ఏటా', 'వచ్చే నెల' అన్న మాటల్లో ఉంది. 'శుభ్రం చేస్తున్నారు' అయితే 'ఈజ్ బీయింగ్ క్లీన్డ్', ఇందులో చిక్కు లేదు. 'మేము పోయినప్పుడు శుభ్రం చేస్తూ ఉన్నారు' అంటే 'వాజ్ బీయింగ్ క్లీన్డ్'. 'నీళ్లు వదలకముందే శుభ్రం చేసేశారు' అంటే 'హ్యాడ్ బీన్ క్లీన్డ్'. 'నాట్ల నాటికి శుభ్రం చేసేసి ఉంటారు' అంటే 'విల్ హ్యావ్ బీన్ క్లీన్డ్'.

ఇక మిగిలినది 'చేశారు', 'వేశారు', 'కట్టారు' అన్న రూపం. మన పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. తెలుగులో గతం ఒక్కటే. ఇంగ్లిష్‌లో 'వాజ్ బిల్ట్', 'హ్యాజ్ బీన్ బిల్ట్' అని రెండు. ఎప్పుడు జరిగిందో వాక్యంలో ఉంటే 'వాజ్' లేదా 'వర్' తప్ప మరొకటి రాకూడదు. సాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు: 'ద ఫౌండేషన్ స్టోన్ వాజ్ లెయిడ్ బై నెహ్రూ ఆన్ 10 డిసెంబర్ 1955'. కాల్వలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు: 'వాటర్ వాజ్ రిలీజ్డ్ ఇన్‌టు ద కెనాల్స్ బై ఇందిరాగాంధీ ఆన్ 4 ఆగస్ట్ 1967'. ఈ రెండింటిలో దేనికైనా 'హ్యాజ్ బీన్' తగిలిస్తే, తారీఖు పక్కన ఉన్నందువల్ల వాక్యం తప్పవుతుంది. తారీఖు లేకుండా, జరిగిన దాని ఫలితం ఇప్పుడు కళ్ల ముందు ఉన్నదని చెప్పదలిస్తే 'హ్యాజ్ బీన్' వాడాలి. 'కాల్వకు నీళ్లు వదిలారు, రేపటికి మన పొలాలకు అందుతాయి' అనే రైతు మాటకు 'వాటర్ హ్యాజ్ బీన్ రిలీజ్డ్' అన్నదే సరైన ఇంగ్లిష్. 'నిన్న', 'పోయిన ఏడు', '2016లో' వంటి మాట కనబడగానే 'హ్యాజ్' మీద చేయి వేయకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. 2016లో మన ఉమ్మడి జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలను ఏర్పాటు చేశారన్న వాక్యం సాధనకు బాగా పనికివస్తుంది: 'టూ న్యూ డిస్ట్రిక్ట్స్ వర్ కార్వ్డ్ అవుట్ ఆఫ్ నల్లగొండ ఇన్ 2016'. జిల్లాలు రెండు కాబట్టి 'వాజ్' కాక 'వర్' వచ్చిందని కూడా చూపించండి, ఎందుకంటే 'బి' తన ముందున్న కొత్త కర్తతోనే పొత్తు కుదుర్చుకుంటుంది.

తెలుగు దారిలో నడుస్తున్నప్పుడు ఒక గుంత కూడా ఉంది. 'ఫలితాలు విడుదలయ్యాయి', 'డబ్బులు ఖాతాలో పడ్డాయి', 'పరీక్ష వాయిదా పడింది' అన్నప్పుడు తెలుగు క్రియ అకర్మకం, అంటే ఫలితాలు తామే విడుదలైనట్లు, డబ్బులు తామే పడినట్లు చెబుతాము. ఆ ఊపులోనే మనవారు 'రిజల్ట్స్ రిలీజ్డ్', 'ఎగ్జామ్ పోస్ట్‌పోన్డ్' అని రాసి వదిలేస్తారు. 'రిలీజ్', 'క్రెడిట్', 'పోస్ట్‌పోన్' మూడూ ఇంగ్లిష్‌లో సకర్మకాలు. ఎవరో ఒకరు చేస్తేనే అవి జరుగుతాయి కనుక 'ద రిజల్ట్స్ హ్యావ్ బీన్ రిలీజ్డ్', 'ద మనీ హ్యాజ్ బీన్ క్రెడిటెడ్', 'ద ఎగ్జామ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్' అని రాయాలి. ఈ పొరపాటుకు మనం ఒక్కరమే కారణం కాదనుకోండి. ఇంగ్లిష్ పత్రికలు శీర్షికల్లో చోటు కోసం 'బి'ని తీసేస్తాయి, ఉద్యోగ ప్రకటనల కోసం ఆ శీర్షికలనే రోజూ చదివే అభ్యర్థికి అదే సరైన వాక్యమన్న అలవాటు పడిపోతుంది. శీర్షిక కింద ఉన్న మొదటి వాక్యం చదివితే తీసేసిన 'హ్యావ్ బీన్' అక్కడ నిండుగా కనిపిస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురైన తప్పు, అక్కరలేని చోట ప్యాసివ్ పెట్టడం. 'యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్' అన్న వాక్యం ఎన్నో జవాబు పత్రాల్లో కనబడుతుంది. 'హ్యాపెన్', 'అరైవ్', 'డై', 'స్లీప్' వంటి అకర్మక క్రియలకు కర్మ లేదు; కర్మ లేనప్పుడు దాన్ని ముందుకు తెచ్చే ప్రశ్నే రాదు, కాబట్టి 'యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్' అంటే చాలు. 'కన్సిస్ట్ ఆఫ్', 'బిలాంగ్ టు' కూడా ప్యాసివ్‌లోకి రావు. 'తెలంగాణ ఈజ్ కన్సిస్టెడ్ ఆఫ్ 33 డిస్ట్రిక్ట్స్' తప్పు. 'కన్సిస్ట్స్ ఆఫ్ 33 డిస్ట్రిక్ట్స్' అనవచ్చు, లేదా 'ఈజ్ డివైడెడ్ ఇన్‌టు 33 డిస్ట్రిక్ట్స్' అనవచ్చు.

పట్టికలోని గీతల సంగతి ఇప్పుడు సులువుగా చెప్పవచ్చు. 'రెండేళ్లుగా ఈ రోడ్డు వేస్తూనే ఉన్నారు' అన్న మాటను ప్యాసివ్‌లో పెడితే 'ద రోడ్ హ్యాజ్ బీన్ బీయింగ్ లెయిడ్' అవుతుంది. వ్యాకరణం దాన్ని నిషేధించలేదు, కానీ 'బీన్ బీయింగ్' అనే జంట నోటికి ఇబ్బందిగా ఉండటం వల్ల ఇంగ్లిష్ వారే దాన్ని దాదాపు వాడరు. 'దే హ్యావ్ బీన్ లేయింగ్ ద రోడ్ ఫర్ టూ ఇయర్స్' అనో, 'ద రోడ్ హ్యాజ్ బీన్ అండర్ కన్‌స్ట్రక్షన్ ఫర్ టూ ఇయర్స్' అనో తప్పుకుంటారు. మూడు పర్ఫెక్ట్ కంటిన్యువస్‌లకూ, 'విల్ బి బీయింగ్' వచ్చే ఫ్యూచర్ కంటిన్యువస్‌కూ కారణం ఇదే. పన్నెండులో ఈ నాలుగు పోగా మిగిలిన ఎనిమిదీ పైన కాల్వ వాక్యాల్లో వచ్చేశాయి.

'బై' గురించి మీరు అడగలేదు కానీ, పిల్లలు దాన్ని ప్రతి వాక్యం తోకకూ తగిలించడం చూసే ఉంటారు. చేసినవారు ఎవరో చెప్పడం ముఖ్యమైతేనే 'బై' ఉండాలి. పునాదిరాయి వాక్యంలో నెహ్రూ పేరు అలాంటిది. 'బై సమ్‌వన్', 'బై పీపుల్', 'బై దెమ్' అనేవి ఏమీ చెప్పవు కాబట్టి తీసేయడమే మేలు. అయితే మార్కుల కోసం వాయిస్ మార్చమన్న ప్రశ్నలో 'హి', 'షి', 'ఐ' కర్తలుగా ఇస్తే 'బై హిమ్', 'బై హర్', 'బై మి' రాయించండి. దిద్దేవారు దాన్ని ఆశిస్తారు. పనిముట్టుకూ పదార్థానికీ మాత్రం 'బై' కాదు, 'విత్' రావాలి.

సాధనకు విడి వాక్యాల కంటే ఒక పని జరిగే క్రమం ఎంతో మంచిది, ఎందుకంటే అక్కడ ప్యాసివ్ బలవంతంగా కాక సహజంగా వస్తుంది. మన ఉమ్మడి జిల్లాకు ఇందులో కొరత లేదు. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది, ప్రపంచమంతటా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తారు. ఆ క్రమాన్ని పిల్లలతో ఇలా రాయించవచ్చు: 'లైమ్ ఈజ్ యాడెడ్ టు ద వాటర్. దెన్ ఆలమ్ ఈజ్ యాడెడ్. ద వాటర్ ఈజ్ స్టర్డ్ వెల్. ద పార్టికల్స్ ఆర్ అలౌడ్ టు సెటిల్. ద క్లియర్ వాటర్ ఈజ్ డ్రాన్ ఆఫ్.' ఎవరు కలిపారు, ఎవరు తిప్పారు అన్నది ఇక్కడ ఎవరికీ పట్టదు, నీళ్లకు ఏమవుతున్నదన్నదే విషయం. ఆ తరువాత ఇదే పేరాను నిన్న జరిగినట్లు మార్చమనండి. 'ఈజ్' వాజ్‌గా, 'ఆర్' వర్‌గా మారుతాయి, మిగతా మాట ఒక్కటీ కదలదు. రేపు జరగబోతున్నట్లు మార్చమంటే రెండింటి స్థానంలోనూ 'విల్ బి' వస్తుంది. ఒకే పేరాను ఇలా మూడు నాలుగు కాలాల్లో పైకి చదివించడం వల్ల కాలం 'బి'లోనే ఉంటుందన్న సంగతి చెవికే పట్టుబడుతుంది. పోచంపల్లి చీర కూడా ఇందుకు అనువైనదే, అక్కడ నేసిన గుడ్డకు కాక నేయకముందే నూలుకు చిటికి కట్టి (అంటే అక్కడక్కడా బిగించి కట్టి) రంగు అద్దుతారు కనుక: 'ద యార్న్ ఈజ్ టైడ్ అండ్ డైడ్ బిఫోర్ ఇట్ ఈజ్ వోవెన్'.

ఈ వాక్యాల్లో 'డ్రాన్', 'వోవెన్', 'లెయిడ్', 'బిల్ట్' వంటి రూపాలు వచ్చాయి. ఇవి ఏ సూత్రంతోనూ రావు, వీటిని మాత్రం కంఠస్థం చేయక తప్పదు. పట్టిక మీద ఇంతవరకు పెట్టిన సమయాన్ని వీటి మీద పెట్టించండి. 'కట్', 'పుట్' వంటివి మూడు రూపాల్లోనూ మారవు కాబట్టి 'ద ట్రీస్ ఆర్ కట్' అన్నప్పుడు 'కట్' ఇక్కడ మూడో రూపమేనని గుర్తు చేయాలి, లేకపోతే 'కట్టెడ్' అని రాస్తారు.

ఒక్క విషయంలో తెలుగు దారి మనను వెనక్కి లాగుతుంది. 'రైతులకు పాస్‌బుక్కులు ఇచ్చారు', 'నాకు రేపు రమ్మని చెప్పారు' అన్న వాక్యాల్లో 'కు' అన్న విభక్తి ఉండటం వల్ల, రైతులనో 'నేను' అన్నదాన్నో కర్త స్థానంలో పెట్టాలని మనకు తోచదు. ఇంగ్లిష్‌కు అదే ఇష్టం. 'పాస్‌బుక్స్ వర్ గివెన్ టు ద ఫార్మర్స్' తప్పు కాదు, కానీ 'ద ఫార్మర్స్ వర్ గివెన్ పాస్‌బుక్స్' అన్నది మరింత సహజంగా ఉంటుంది. 'నాకు చెప్పారు' అన్నదానికైతే 'ఐ వాజ్ టోల్డ్' తప్ప మంచి మాట లేదు. ఇంటర్వ్యూల్లో 'దే టోల్డ్ టు మి' అని తడబడేవారికి ఈ ఒక్క వాక్యం చాలా పనికివస్తుంది.

ప్రశ్నలకు కొత్త నియమం లేదు. మొదటి సహాయక క్రియ ముందుకు వస్తుంది, అంతే: 'వాజ్ ద బోర్‌వెల్ డ్రిల్డ్?', 'హ్యాజ్ ద రోడ్ బీన్ లెయిడ్?', 'ఈజ్ ద కెనాల్ బీయింగ్ క్లీన్డ్?'. 'డిడ్'తో అడిగిన యాక్టివ్ ప్రశ్న ప్యాసివ్‌లోకి వచ్చినప్పుడు 'డిడ్' పూర్తిగా పోయి దాని స్థానంలో 'వాజ్' లేదా 'వర్' వస్తుంది. 'డిడ్ దే డ్రిల్ ద బోర్‌వెల్?' అన్నది 'డిడ్ ద బోర్‌వెల్ డ్రిల్డ్?' కాదు. ఆజ్ఞావాక్యాలకు పాత పుస్తకాలు నేర్పే 'లెట్ ద డోర్ బి క్లోజ్డ్' పరీక్షలో అడిగితే రాయించండి. మామూలుగా రాసేటప్పుడు మాత్రం 'ద డోర్ షుడ్ బి క్లోజ్డ్' అంటే సరిపోతుంది. 'షుడ్', 'కెన్', 'మస్ట్', 'మే' అన్నింటి వెనుకా 'బి' అలాగే మార్పు లేకుండా నిలుస్తుంది, దాని వెనుక వీ-త్రీ వస్తుంది.